రీజెంటుగారి తరఫున

కోపం వస్తే నెత్తిమీది టోపీ తీసి నిప్పుల్లో పడేసే మనిషి గురించి మొదటిసారి చదివిన రోజు నాకు ప్రాణం లేచివచ్చింది. ఆయన స్కాట్లండుకు చెందిన ఒక డ్యూక్. కొన్ని వందల ఏళ్ల కిందట ఆ దేశానికి రీజెంటుగా ఉన్నాడు. అంటే, రాజు పసివాడు కాబట్టి వాడు పెద్దయ్యేదాకా వాడి పేరు మీద రాజ్యం నడిపాడన్నమాట. డజనుకు పైగా టోపీలు ఆయన కోపానికి కాలి బూడిదయ్యాయని పొరుగు దేశంవాళ్లు ఆ రోజుల్లోనే ఉత్తరాలు రాసుకున్నారు. నేను కోపంలో రెండు గరిటెలూ ఒక అప్పడాల కర్రా విసిరిన మాట నిజమే గాని, నిప్పుల్లో పడేసేంత దూరం ఎప్పుడూ పోలేదు. ఇన్నాళ్లకు నాకంటే పైమెట్టున ఉన్నవాడు ఒకడు దొరికాడనిపించింది.

ఇది డెబ్బైల చివరి మాట. మావారు షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. నేను అంతకుముందు గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో ఆరేళ్లు చరిత్ర పాఠం చెప్పాను. ఎమ్మేలో ఫస్ట్ క్లాసు, పైగా గోల్డ్ మెడల్. ఇక్కడికొచ్చాక ఆ మెడల్‌ని చూసి ఒకాయన 'ఏ ఆటకు ఇచ్చారు?' అని అడిగాడు. పాఠం చెప్పాలంటే ఇక్కడి డిగ్రీ కావాలన్నారు. సరే, ముప్పై మూడో ఏట మళ్లీ పుస్తకాల సంచి భుజాన వేసుకున్నాను.

స్కాట్లండ్ మీద నాకు మోజేమీ లేదు. మావారు మంగళవారాలు తోటి ఉద్యోగి కారులో ఆఫీసుకి వెళ్లేవారు. అందుకని ఆ ఒక్కరోజే కారు నాకు దొరికేది. యూనివర్సిటీలో మంగళవారం పొద్దున ఉన్న చరిత్ర క్లాసు అదొక్కటే. పది మంది కుర్రకారు, వాళ్ల మధ్య చీర మీద మావారి పాత ఓవర్‌కోటు తొడుక్కున్న నేను. పాఠం చెప్పే ప్రొఫెసర్ అరవయ్యేళ్ల మనిషి. బట్టతల, నోట్లో ఎప్పుడూ పైపు. మా డ్యూక్ మీద ఆయన స్వయంగా ఒక లావుపాటి పుస్తకం రాశాడు. క్లాసుకు అదే పాఠ్యపుస్తకం.

మా దగ్గర చదువంటే ఏమిటో ఇక్కడ కాస్త చెప్పాలి. చదువంటే నోటికి రావడం. పుస్తకం పట్టుకుని డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ పైకి చదవాలి. పేజీ కళ్లముందు నిలబడేదాకా చదవాలి. మాస్టారి పాఠం మాస్టారికే పొల్లుపోకుండా అప్పజెప్పిన పిల్ల మంచి పిల్ల. సొంతంగా నాలుగు వాక్యాలు కలిపితే దాన్ని అతి తెలివి అనేవారు, మార్కులు తగ్గించేవారు. లెక్చరర్‌గా ఉన్న ఆరేళ్లూ నేనూ నిర్దాక్షిణ్యంగా తగ్గించాను.

షామ్‌బర్గ్‌లో డాబా ఎక్కడిది? బయట మోకాలి లోతు మంచు. రెండో అంతస్తులో మా అపార్ట్‌మెంట్, చెక్క నేల. పప్పు ఉడుకుతుంటే వంటింట్లోంచి పడగ్గదిలోకి, పడగ్గదిలోంచి వంటింట్లోకి తిరుగుతూ పైకి చదివేదాన్ని. కింద ఇంటి పెద్దావిడ ఒకరోజు తలుపు తట్టి, అంతా క్షేమమేనా, పొద్దస్తమానం ఎవరితో పోట్లాడుతున్నావమ్మా అని అడిగింది. స్కాట్లండ్ ప్రభువులతో అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి వెళ్లిపోయింది.

అలా తిరుగుతూ తిరుగుతూ నాకు ఆ డ్యూక్ కథ మొత్తం నోటికొచ్చేసింది. ఆయన తండ్రి స్కాట్లండ్ రాజుకు సొంత తమ్ముడు. అన్నతో చెడి ఫ్రాన్స్ పారిపోయాడు. కొడుకు పసివాడుగా ఉండగానే గుర్రం మీది ఈటెల పోటీలో దెబ్బ తగిలి పోయాడు. కొడుకు ఫ్రాన్స్‌లోనే పెరిగాడు. మాట, రాత, చివరికి సంతకం కూడా ఫ్రెంచే. ఇంతలో అక్కడ స్కాట్లండ్‌లో ఆ అన్నగారి కొడుకు, అప్పటి రాజు, ఇంగ్లండుతో యుద్ధం చేసి చచ్చిపోయాడు. వారసుడు నిండా రెండేళ్లు లేని పిల్లవాడు. రాణి మళ్లీ పెళ్లి చేసుకునేసరికి ప్రభువులు ఆవిడ పాలన వద్దని, ఎన్నడూ ఆ దేశంలో కాలు పెట్టని ఈ డ్యూక్‌ని ఫ్రాన్స్ నుంచి పిలిపించారు. వచ్చాడు. రాణి పిల్లలతో సహా కోటలో తలుపులు వేసుకుంది. ఆయన కోటను ముట్టడించాడు. ఇక లాభం లేదని ఆవిడ తాళాలు ఆ పసి రాజు చేతికిచ్చి, నువ్వే ఇవ్వు నాయనా అని ఆయనకి ఇప్పించింది.

ఈ తాళాల దగ్గరికి వచ్చినప్పుడల్లా నా కాళ్లు ఆగిపోయేవి. పప్పు మాడేది.

కోట చేతికొచ్చాక ఆయన ఏం చేశాడు? పిల్లవాణ్ణి తన దగ్గర ఉంచుకోలేదు. వేరే ప్రభువుల కాపలాలో పెట్టాడు. మా ప్రొఫెసర్ పుస్తకం నాలుగో అధ్యాయంలో దీన్నే పట్టుకుని ఏకిపారేశాడు. రాజు చేతిలో ఉంటే రాజ్యం చేతిలో ఉన్నట్టే, అంత గెలుపు గెలిచి దాన్ని ఎవరికో అప్పగించిన ఈ మనిషికి పాలన అంటే ఏమిటో తెలియదు, బలహీనుడు, పరాయివాడు, కోపం తప్ప ఇంకేమీ లేనివాడు అని రాశాడు. చదువుతుంటే నాకు ఒళ్లు మండేది. ఇది తప్పు, ముమ్మాటికీ తప్పు అని నాకు తెలుసు. తెలిసి కూడా ఒక్క పొల్లు మార్చకుండా బట్టీ పట్టాను. గురువుగారి మాట కదా.

సగం టర్ములో పరీక్ష వచ్చింది. జవాబులు రాయడానికి నీలం అట్ట పుస్తకాలు పంచి, ప్రశ్నలిచ్చి, ప్రొఫెసర్ తన గదికి వెళ్లిపోయాడు. కాపలాగా ఒక్కరూ లేరు. గుంటూరులో అయితే ఈపాటికి కిటికీలోంచి చీటీల వాన కురిసేది. ఇక్కడ ఎవరి మానాన వాళ్లు రాసుకుంటున్నారు. రీజెంటు పాలన విఫలమైందా, చర్చించమన్నాడు. నాకు నవ్వొచ్చింది. నాలుగో అధ్యాయం మొదటి వాక్యం నుంచి చివరి వాక్యందాకా దించేశాను. పదకొండు పేజీలు. కింద చిన్న అక్షరాల్లో ఉండే ఫుట్‌నోట్లు కూడా అంకెలతో సహా రాశాను. గంట ముందే లేచి దర్జాగా బయటికొచ్చాను. క్లాస్ ఫస్ట్ నేనేనని నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. పరీక్షలో పుస్తకం చూసి రాసినట్టు నామీద ఫిర్యాదు ఉందనీ, డిపార్ట్‌మెంట్ హెడ్ ఎదుట హాజరై సంజాయిషీ ఇవ్వాలనీ, నేరం రుజువైతే నన్ను కోర్సు నుంచే తీసేస్తారనీ ఉంది. మెట్ల దగ్గరే రెండోసారి చదివాను. కాపీ! నేను! గుంటూరులో పమిట చాటున చీటీ పెట్టుకున్న ఒక పిల్లని పట్టుకుని పరీక్ష హాలులోంచి బయటికి పంపినదాన్ని. ఆ పిల్ల నా కాళ్లు పట్టుకుని ఏడ్చినా కరగలేదు. ఇప్పుడు ఆ పిల్ల స్థానంలో నన్ను నిలబెట్టారు. తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం మావారు బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికొచ్చి నా మొహం చూశారు.

"ఏమైందోయ్? అలా ఉన్నావేం?"

ఉత్తరం చేతికిచ్చాను. నిలబడే చదివారు.

"నువ్వు కాపీ కొట్టడమేమిటి! సరే, ఇప్పుడు ఆర్గ్యూ చేసి లాభం లేదు. వెళ్లి ఓ సారీ చెప్పేసి, ఆ క్లాస్ డ్రాప్ చేసెయ్యి. రికార్డ్‌లో పడిందంటే లైఫ్‌లాంగ్ వెంటాడుతుంది."

"చెయ్యని తప్పుకి సారీ ఎందుకు చెప్పాలండీ? నోటికొచ్చింది, రాశాను. అది తప్పా?"

"మనకి కాదు. వీళ్లకి తప్పే. పదకొండు పేజీలు నోటికొస్తాయంటే వీళ్లు బిలీవ్ చెయ్యరు."

"చెయ్యకపోతే చేయిస్తాను," అన్నాను. ఆ పూట చేతిలో గరిటె ఉంది గాని, విసరలేదు.

విచారణ మంగళవారమే పెట్టారు, కారు గొడవ తప్పింది. హెడ్ ఒక పెద్దావిడ. తెల్లటి జుట్టు, చేతికి కట్టుతో ఉంది. మంచులో జారిపడిందట. బల్లకు అటువైపు ఆవిడ, పక్కన మా ప్రొఫెసర్. మధ్యలో నా నీలం పుస్తకమూ, ఆయన లావు పుస్తకమూ పక్కపక్కన తెరిచి ఉన్నాయి. రెండింట్లోనూ ఒకే వాక్యం కింద ఎర్ర గీత.

ప్రొఫెసర్ నావైపు చూడకుండా అన్నాడు: "నా ఉద్యోగంలో కాపీలు చాలా చూశాను. రాసినవాడికే వాడి పుస్తకాన్ని కాపీ కొట్టి ఇచ్చే ధైర్యం మాత్రం ఇదే చూడడం."

అది మా దగ్గర ధైర్యం కాదు, భక్తి అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. హెడ్ మాత్రం, "మీరు చూసి రాయలేదంటారా?" అని నెమ్మదిగా అడిగింది.

"లేదు. ఎక్కడైనా తెరవండి. ఒక్క వాక్యం అందించండి చాలు."

ఆవిడ మంచి చేత్తో పుస్తకం లాక్కుని మధ్యలో ఎక్కడో తెరిచి ఒక వాక్యం చదివింది. నేను కళ్లు మూసుకున్నాను. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు, కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతూ అందుకున్నాను. అధ్యాయం మారితే మారిందని చెప్పాను. ఫుట్‌నోట్ వస్తే ఆగి, అది కూడా చెప్పి, మళ్లీ పైకి వెళ్లాను. ప్రొఫెసర్ వేలు వాక్యాల వెంట నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. మూడు పేజీలయ్యాక హెడ్ గొంతు వినిపించింది, "చాలు, చాలు, దయచేసి ఆపండి." కళ్లు తెరిచాను. ఆవిడ నవ్వాపుకుంటోంది. ప్రొఫెసర్ పైపు ఆరిపోయింది.

గెలిచేశాననుకుని లేవబోయాను.

"కూర్చోండి," అన్నాడు ప్రొఫెసర్. "దొంగతనం కాదు, ఒప్పుకుంటాను. ఆ మాట అన్నందుకు క్షమించండి. కాని ఈ పేపర్‌కి నేను సున్నా తప్ప ఇంకేమీ ఇవ్వలేను. ఇందులో నేనున్నాను. మీరెక్కడున్నారు?"

సున్నా అంటే క్లాసు ఫెయిల్. ఆ క్లాసు ఫెయిలైతే కోర్సులో ఉండనివ్వరు. దొంగగా కాకుండా మొద్దుగా బయటికి పంపుతారు, అంతే తేడా. అప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని. మీ నాలుగో అధ్యాయం తప్పు," అన్నాను. కోపంలో నా ఇంగ్లీషుకు గుంటూరు యాస వస్తుంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. "మీరు ఆయన్ని పిల్లవాడి తండ్రికి కజిన్ అని రాశారు. మా లెక్కలో ఆయన ఆ పిల్లవాడికి బాబాయి. ఆస్తిలో వాటా ఉన్న బాబాయిని మేం దాయాది అంటాం. పిల్లవాడు పోతే రాజ్యం ఎవరిది? ఈ బాబాయిది! ఆ పసి రాజు తమ్ముడు, చంటివాడు, ఈయన వచ్చిన ఏడాదే పోయాడు. ఈయనే చంపించాడని ఊరంతా గుసగుసలాడింది. అలాంటివాడు పిల్లవాణ్ణి తన దగ్గర పెట్టుకుంటే, రేపు వాడికి జలుబు చేసినా ఎవరి మెడకు చుట్టుకుంటుంది? అందుకని చేతిలో పెట్టుకోలేదు. అది బలహీనత కాదు. దాయాది జాగ్రత్త."

ప్రొఫెసర్ పైపు బల్ల మీద పెట్టాడు. "మీకెలా తెలుసు?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

ఎలా తెలుసో అంతవరకు నాకూ తెలియదు. నోరు తెరిచాక తెలిసింది.

మా నాన్న పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి రెండు. నాన్న తమ్ముడు, మా బాబాయి, మా ఇంటి వ్యవహారమంతా చూశాడు. ఈ పిల్లాడు లేకపోతే పొలమంతా ఆయనదేగా అని ఊళ్లో అందరూ అనేవారు. మా అమ్మ కూడా అనుకునేది. ఒకసారి తమ్ముడికి టైఫాయిడ్ వచ్చింది. బాబాయి సైకిల్ మీద టౌనుకు వెళ్లి మందు తెచ్చాడు. సీల్ తియ్యని సీసా గుమ్మం అవతలనుంచే అమ్మకిచ్చాడు. ఇరవై రోజులు వసారాలోనే కూర్చున్నాడు. గదిలోకి రాలేదు. గ్లాసు ముట్టుకోలేదు. ఒకరోజు అమ్మ చేతులు వణికి మందు ఒలికిపోతుంటే, పక్కింటి మామ్మగారిని కేకేసి పిలిచి తాగించమన్నాడు గాని, తను స్పూను పట్టలేదు. తమ్ముడు బాబాయి, బాబాయి అని ఏడుస్తున్నాడు. అయినా లోపలికి రాలేదు. ఎంత రాతిగుండె అనుకున్నాను. ఆ తరవాత ఎన్నో ఏళ్లు ఆయనతో మనసు విప్పి మాట్లాడలేదు. నన్ను ఎమ్మే దాకా చదివించింది ఆయనే. మా తమ్ముడికి పద్దెనిమిదేళ్లు నిండిన వారానికే అంతా వాడికి అప్పగించి, భుజాన కండువా దులుపుకుని తన ఇంటికి వెళ్లిపోయిందీ ఆయనే.

ఇదంతా ఆ ఇద్దరు తెల్లవాళ్ల ముందు చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. సిగ్గేసింది, దాంతోపాటే గర్వం కూడా కలిగింది. మా బాబాయి ఎలాంటివాడో ముప్పై మూడేళ్లకు, పరాయి దేశంలో, ఒక పాత డ్యూక్ తరఫున వాదిస్తే గాని నాకు తెలిసిరాలేదు.

హెడ్ కట్టు లేని చేత్తో రుమాలు తీసి ఇచ్చింది. ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు.

"మీ బాబాయి గొప్పవాడు. కాని చరిత్రకు ఆయన ఆధారం కాడు."

"ఆధారం మీ పుస్తకంలోనే ఉంది," అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "వెనక అనుబంధంలో. కాపలా ప్రభువుల జాబితా. అది కూడా నాకు నోటికొచ్చు."

అప్పజెప్పాను. ఒక్కో పేరు దగ్గరా ఆగి, ఈయన డ్యూక్ మనిషా అని అడిగాను. ప్రొఫెసర్ ప్రతిసారీ తల అడ్డంగా ఊపాడు. ఒక్కడు కూడా ఆయన మనిషి కాదు. మధ్యలో డ్యూక్ ఫ్రాన్స్ వెళ్లాల్సి వచ్చినప్పుడు కూడా పిల్లవాణ్ణి ఒక్కరి చేతిలో పెట్టలేదు. వంతులు వేశాడు. పాలించిన అన్నేళ్లూ ఆయనకూ సింహాసనానికీ మధ్య అడ్డం ఉన్నది ఆ ఒక్క పిల్లవాడే. ఆఖరికి ఆయన స్కాట్లండ్ వదిలి వెళ్లిపోయేనాటికి ఆ పిల్లవాడు బతికి ఉన్నాడు, రాజుగానే ఉన్నాడు. "బాబాయి పని అంతకంటే ఏముంటుందండీ?" అనేశాను. ఆ చివరి మాట తెలుగులో వచ్చేసింది. మళ్లీ ఇంగ్లీషులో చెప్పాను.

ప్రొఫెసర్ తన పుస్తకం తనవైపు తిప్పుకుని అనుబంధం చాలాసేపు చూశాడు. "ఈ జాబితా నేనే అచ్చు వేయించాను," అన్నాడు చివరికి. "ఇది రాసి తీసుకురండి. మూడు వారాలు. నా వాక్యం ఒక్కటి కనబడినా సున్నాయే."

ఆ మూడు వారాలు పడ్డ అవస్థ నా శత్రువులకు కూడా వద్దు. నా అభిప్రాయంలో అని రాయడానికి చెయ్యి వచ్చేది కాదు. ఎవరో వెనకనుంచి నెత్తిమీద మొట్టుతారేమోనని భయం. రాయడం, కొట్టెయ్యడం. మావారు టైపు మిషను అద్దెకు తెచ్చి పెట్టారు. రెండో వారం ఆయనే అన్నారు, "నన్ను తిట్టేటప్పుడు ఒపీనియన్స్ బాగానే వస్తాయిగా. అలాగే రాసెయ్యి." అలాగే రాశాను. నాలుగో అధ్యాయాన్ని మావారు అనుకుని తిట్టాను. పద్దెనిమిది పేజీలు వచ్చింది.

పేపర్ తిరిగి చేతికొచ్చినప్పుడు పైన ఎర్ర సిరాతో A ఉంది. కింద చిన్న అక్షరాలతో, ఏడో పేజీ మీద మనకి ఇంకా తగాదా ఉంది, పై మంగళవారం నాలుగో అధ్యాయం మీరే చెప్పండి అని రాశాడు. ఆ ఎర్ర అక్షరం చూసి ఎగిరి గంతేశాను. కింద ఇంటి పెద్దావిడకి కచ్చితంగా వినిపించి ఉంటుంది.

ఆ మంగళవారం ఓవర్‌కోటు విప్పి కుర్చీకి తగిలించి, నీలం అంచు గద్వాల చీరలో బోర్డు ముందు నిలబడ్డాను. పది మంది కుర్రకారు కలాలు తీశారు. ప్రొఫెసర్ వెనక వరసలో, నేను రోజూ కూర్చునే కుర్చీలో, మోకాళ్లు బల్లకు తగులుతుంటే సర్దుకుని కూర్చున్నాడు. కోట ముట్టడి చెప్పాను, తాళాలు చెప్పాను. పిల్లవాణ్ణి వేరే ప్రభువులకు అప్పగించిన చోటికి వచ్చి, ఇక్కడ పుస్తకం పొరపడింది అన్నాను. వెనక వరసలో ప్రొఫెసర్ చెయ్యి పైకి లేచింది. ఏదో అడగాలనుకుంటున్నాడు. చెయ్యి అలాగే ఎత్తి పట్టుకుని, అనుమతి కోసం నావైపు చూస్తున్నాడు. నేను వాక్యం పూర్తిచేసి, అప్పుడు పిలిచాను.